అంతా ఉప్పే చేసింది

అర్మాండ్ థిబో దృష్టిలో ఈ లోకంలో తప్పు చేసేది ఒక్కటే, ఉప్పు. చలికాలంలో మంచు కరగడానికి అమెరికాలోని వెర్మాంట్ రోడ్ల మీద చల్లే, కార్ల ఇనుముని తినేసే ఉప్పు. ఆయన మెకానిక్ షెడ్డుకి కారు ఏ రోగంతో వచ్చినా, బోనెట్ ఎత్తకముందే తీర్పు సిద్ధంగా ఉండేది. బ్రేకు పట్టేసిందా? ఉప్పు. హారన్ మోగడం లేదా? ఉప్పు. నడివేసవిలో ఎవరిదో సీటు బెల్టు బిగుసుకుపోతే, "ఇది పోయిన చలికాలం ఉప్పు. పాపం, ఇన్నాళ్ళూ ఓపిక పట్టింది" అన్నాడు. చర్చిలో పాస్టరుగారి గొంతు పట్టేసినా, అర్మాండ్ కిటికీలోంచి రోడ్డు వైపు చూసి తల పంకించేవాడు.

ఊరూరా ఉత్తరాలు పంచే వెర్నాకి ఈ చాదస్తం కొత్తేమీ కాదు. కానీ ఆ మార్చిలో ఆమెకి నవ్వే ఓపిక లేదు. ఆమె తన సొంత కారులోనే తిరిగి ఉత్తరాలు పంచాలి. కారు అద్దం మీద అంటించిన తనిఖీ బిళ్ళ గడువు నెలాఖరుకి అయిపోతుంది. స్టీరింగు ముందు, కారులో ఏదో లోపముందని హెచ్చరించే పసుపు దీపం వెలుగుతుంటే కొత్త బిళ్ళ ఇవ్వరు. ఆమె కారులో అది ఆరడం లేదు. బిళ్ళ లేకపోతే కారు కదలదు, కారు కదలకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"దొంగెవరో నాకు తెలుసు, మా హోలిస్!" అంది షెడ్డులో అడుగు పెడుతూనే. "పెట్రోలు పోయించి మూత సరిగ్గా బిగించడు. పెట్రోలు ఆవిరంతా బయటికి పోయి ఆ దీపం వెలుగుతోంది. మూతలు మార్చి మార్చి విసిగిపోయాను. వారం నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు."

"పాపం, మూతనెందుకు తిడతావ్?"

"మూతని కాదు, మొగుణ్ణి తిడుతున్నా."

"ఆయన్ని మాత్రం ఎందుకూ? ఉప్పు."

"నువ్వింకా కారే చూడలేదు కదయ్యా!"

"చూస్తాగా. చూశాక కూడా అదే చెప్తా."

నోటికి తొందరే కానీ అర్మాండ్ చేతికి తొందర లేదు. ముందు ఆవిరి గొట్టాల్లోకి పొగ ఎక్కించాడు. ఎక్కడ చిల్లి ఉంటే అక్కడ పొగ బయటపడాలి. ఇద్దరూ కారు చుట్టూ తిరిగారు. పొగ జాడ లేదు.

"చూశావా? మూత నిర్దోషి."

వెర్నా మొహం చిన్నబోయింది. వారం రోజుల పోట్లాట వృథా అయిపోయింది మరి.

ఆవిరి కారుతోందేమో కనిపెట్టడానికి కారు వెనక కింద ఒక చిన్న పంపు ఉంటుంది. అర్మాండ్ కిందికి దూరి, దానికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాడు. గుర్రుమంటూ తిరిగింది.

"పంపూ నిర్దోషే."

"మరి మామూలప్పుడు ఎందుకు తిరగదట?"

"కరెంటు దాని దాకా రావడం లేదు. దారిలో ఎవరో ఆపేస్తున్నారు."

"ఎవరు?"

"ఇంకెవరు?"

మీటరు పట్టుకుని వైరు వెంబడే పాకుతూ పోయాడు. వెనక బంపరు దగ్గర ఆగి, తల దగ్గరగా పెట్టి ఏదో పరీక్షగా చూశాడు.

"ఏమైంది?"

"నువ్వెళ్ళి కాఫీ పోసుకో తల్లీ. డోనట్లున్నాయి, తిను."

అర్మాండ్ డోనట్లు తినమనడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. వెర్నా తిరిగి వచ్చేసరికి పాత ముక్క కోసేసి కొత్త వైరు అతికించేశాడు. పసుపు దీపం ఆరిపోయింది.

"ఉప్పే. వైరు లోపలంతా పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది."

వెర్నాకి ప్రాణం లేచొచ్చింది. ఖాళీ కప్పు చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగిపోయింది. బుట్టలో ఆ వైరు ముక్క ఉంది. దాన్ని కరిచి పట్టుకుని ఒక నీలం క్లిప్పు కూడా ఉంది.

ఆ క్లిప్పు ఆమెకి బాగా తెలుసు. ప్రతి ఇంటి ముందు ఉండే ఉత్తరాల డబ్బా దగ్గరా కారాపి ఉత్తరాలు వేసే పెళ్ళాన్ని వెనకనుంచి ఎవరైనా గుద్దేస్తారేమోనని, ఆమె పుట్టినరోజుకి హోలిస్ కారు పైన మిణుకు మిణుకుమనే దీపం బిగించాడు. మంచులో వెల్లకిలా పడుకుని, వేళ్ళు కొంకర్లు పోతున్నా, ఇలాంటి క్లిప్పులతోనే వైర్లు కలిపాడు. అందులో ఒకటి పంపు వైరుకి గుచ్చాడన్నమాట! ఆ గాటులోంచే తడి లోపలికి దిగింది. ఉప్పుకి తలుపు తీసి దారి చూపించింది సాక్షాత్తూ తన మొగుడే.

అరవడానికి నోరు తెరిచింది. అంతలో పోయిన వేసవి గుర్తొచ్చింది. అప్పుడు ఆమె గేరు కదలకుండా మొరాయిస్తే అర్మాండ్ ఉప్పు అన్నాడు. నిజానికి వెర్నాయే కప్పు నిండా తీపి కాఫీ అందులో ఒలకబోసింది. పిచ్చి ముసలాయన, కాఫీ వాసన కూడా పసిగట్టలేడని దారి పొడుగునా నవ్వుకుంది. ఇంటికెళ్ళి హోలిస్‌తో కూడా దర్జాగా ఉప్పనే చెప్పింది.

"అర్మాండ్, పోయిన వేసవిలో నా గేరు..."

"ఉప్పు," అన్నాడాయన తల ఎత్తకుండా. "పైన దీపానికి వేరే వైరు వేశాను. శ్రద్ధగా బిగించాడు మీ ఆయన. తీసెయ్యకు."

ఇంట్లో హోలిస్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు? మూతేనా?" అన్నాడు బెదురుగా.

"ఉప్పట."

"చెప్పానా! వారం నుంచీ నన్ను పట్టుకుని..." హోలిస్ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇక లాభం లేదు. శనివారం నేనే కారు కింద దూరి వైర్లన్నీ చూస్తా."

"వద్దొద్దు!" వెర్నా కంగారుగా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తెచ్చిన డోనట్ చేతిలో పెట్టింది. "ఉప్పు సంగతి అర్మాండ్ చూసుకుంటాడు. నువ్వు ఇది తిను."