అన్నపూర్ణ టీచర్‌గారి జపాన్ పాట

మా సంగీత గురువు శ్రీమతి అన్నపూర్ణగారు ఇక లేరు. నిద్రలోనే వెళ్ళిపోయారని వాళ్ళమ్మాయి స్వాతి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్‌కి బయలుదేరుతూ కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. ఆ మాట విన్నాక కూడా కాసేపు గీకుతూనే ఉన్నాను. మొన్ననే నా వర్ణం విని, తొడమీద ఒక్క చరుపు చరిచి, "మళ్ళీ!" అన్న మనిషి లేకపోవడమేమిటి? దుఃఖం ఆ ఉదయమే వచ్చింది. అంత్యక్రియల నాడు దాని వెంట వచ్చిన సిగ్గు మాత్రం ఇంకా పోలేదు. గురుస్తుతి రాయమని ఇక్కడి తెలుగు సంఘం వారు అడిగితే ఆ సిగ్గుతోనే కూర్చుని రాస్తున్నాను.

నాదోపాసనే జీవితంగా గడిపిన విదుషీమణి ఆవిడ. అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో తమ ఇంటి బేస్‌మెంట్‌లో జంపఖానా పరిచి, డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏం చేయాలో తోచక తిరుగుతున్న నాలాంటి వాళ్ళనెందరినో శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టారు. పొగడ్త ఎరగరు, తిట్టూ ఎరగరు. ఆవిడ నోట ఉన్నది ఒక్కటే మాట, "మళ్ళీ". మధ్యలో ఎప్పుడైనా కాఫీ ఇస్తే ఆ రోజు బాగా పాడినట్టు లెక్క.

ఇంతటి విద్వాంసురాలి ప్రాణం ఒక జపాన్ రాక్ గాయకుడి పాటల మీద ఉండేదంటే మా సంఘంలో సగం మంది నమ్మరు, మిగతా సగం నవ్వుతారు. పెళ్ళైన కొత్తలో, కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరైన భర్తగారి వెంట ఆవిడ జపాన్‌లోని నగోయాలో కొన్నేళ్ళున్నారు. భాష రాదు, పలకరించే దిక్కు లేదు. పక్కింటావిడ బట్టలారేస్తూ పెట్టుకునే రేడియోలో ఆయన గొంతు వినబడేది. తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, గిటార్ పట్టుకుని పాడే మనిషి. ఇప్పుడు డెబ్భై దాటినా స్టేడియంలు నింపుతున్నాడట. టీచర్‌గారు ఆయన్ని "మా ముసలాయన" అనేవారు. నాకు జలుబు చేసి గొంతు రావడం లేదంటే, "మా ముసలాయన ఈ వయసులోనూ శ్రుతి దించలేదే అమ్మాయ్, నలభైకే నీ గొంతుకేమొచ్చింది?" అని ఎద్దేవా చేసేవారు.

ఒకసారి గుడికి వెళుతూ ఆవిడ కారులో ఆ పాటలు పెట్టారు. వెనక సీట్లో ఉన్న గుడి కమిటీ పెద్దాయన చెవులు మూసుకున్నారు.

"ఏంటమ్మా ఈ గోల? గుడికెళ్తూ ఏ అన్నమయ్యో పెట్టుకోవచ్చు కదా!"

"గోలే బాబాయిగారూ. కానీ శ్రుతిలో ఉన్న గోల. మీరు మొన్న పాడిన మంగళహారతి కంటే నయం."

నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను. దిగాక ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "గొంతు బాగుందని పాడకమ్మా. పాట బాగుందని పాడు."

శనివారం సాయంత్రాలు ఆవిడ పాఠాలు చెప్పేవారు కాదు. వాళ్ళ వీధి చివర ఉండే మిచికోగారి గరాజ్‌లో ఆవిడతో కలిపి నలుగురు జపాన్ వాళ్ళు గిటార్లు, డ్రమ్ము పెట్టుకుని ఆ ముసలాయన పాటలు పాడుకునేవారు. కంచిపట్టు చీర మీద లావుపాటి స్వెటర్ వేసుకుని, చేతిలో కంజీరతో టీచర్‌గారు ఐదో మనిషి. "ఒకసారి రావే, వినివెళ్ళు" అని నన్ను ఎన్నోసార్లు పిలిచారు. వస్తానండీ, అనేదాన్ని. కాస్ట్‌కోలో సరుకుల పనో, పిల్లల స్విమ్మింగో అడ్డం వచ్చేది.

ఆవిడ పోయిన రోజే స్వాతి నాకు చెప్పింది. "ఆంటీ, అమ్మకి ఒకటే విష్ ఉండె. ఫ్యూనరల్‌లో మిచికో ఆంటీ వాళ్ళు అమ్మ ఫేవరెట్ జపాన్ సాంగ్ పాడాలి అని. మీరే ఎమ్సీ కదా, ప్లీజ్ మర్చిపోకండి."

మర్చిపోలేదు. అదే నా సిగ్గు. ఫ్యూనరల్ హోమ్‌లో మాకిచ్చిన సమయం తక్కువ, మైకు ఎవరికివ్వాలో చెప్పేది నేనే. మా తెలుగువాళ్ళ సభల సంగతి తెలియనిదెవరికి? ఒక మాజీ అధ్యక్షుడికి మైకిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే వచ్చే ఉగాది దాకా మాటలుండవు. అందరూ "రెండే రెండు ముక్కలు" అంటూనే లేచారు. ఒకాయన టీచర్‌గారిని సాక్షాత్తూ సరస్వతి అని మొదలుపెట్టి, తాము అమెరికా వచ్చిన కొత్తలో మంచులో కారు కూరుకుపోయిన కథలోకి వెళ్ళిపోయి, తిరిగి సరస్వతి దగ్గరికి రానేలేదు. నేను పక్కన నిలబడి తలాడిస్తున్నాను. చివరి వరుసలో నల్లబట్టలు వేసుకుని, గిటార్ ఒళ్ళో పెట్టుకుని మిచికోగారు, ఆవిడ పక్కన మిగతా ముగ్గురు, నా వైపే చూస్తున్నారు. వాళ్ళు ఏమీ అనుకోరులే, మనవాళ్ళయితేనే గొడవ, అనుకున్నాను. శవం పక్కన రాక్ పాటేమిటని పెద్దవాళ్ళు నన్నంటారన్న భయమూ ఉంది. చివరికి టైమ్ అయిపోయిందని సిబ్బంది వచ్చి చెబితే, ఛీ, నాకు హాయిగా అనిపించింది. స్వాతితో మాత్రం "అయ్యో, టైమ్ సరిపోలేదమ్మా" అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి పక్కకి వెళ్ళిపోయింది. మిచికోగారి బృందం శవపేటిక దగ్గరకొచ్చి వంగి నమస్కరించి, నాకూ నమస్కరించి వెళ్ళిపోయారు.

మర్నాడు క్షమాపణ చెబుదామని మిచికోగారికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే ఆవిడే క్షమించమన్నారు. "మేము తప్పు వరుసలో కూర్చున్నామా? ముందు కూర్చుంటే మీకు కనిపించేవాళ్ళమేమో" అని మెల్లగా ఇంగ్లీషులో అడిగారు. కనిపించారండీ, అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వచ్చే శనివారం పాడుకుంటున్నాం, రండి, అన్నారు.

ఈసారి వెళ్ళాను. స్వాతినీ తీసుకెళ్ళాను. గరాజ్‌లో టీచర్‌గారి కుర్చీ మీద కంజీర పెట్టి ఉంది. పాట మొదలైంది. ఊరి చివరి హోటల్లో గిన్నెలు తోమేవాడెవడో సముద్రంతో మాట్లాడుకునే పాటట. బాణీలో మోహన రాగం వాసన తగిలింది. ఇది ఆవిడకెందుకు అంత ఇష్టమో నాకిప్పుడు తెలిసొచ్చింది. పాట పైస్థాయికెక్కి, హఠాత్తుగా అందరూ ఆగిపోయారు. ఆ చోట గాయకుడు నోరు మూసుకుని మైకు జనం వైపు తిప్పుతాడట. స్టేడియంలో వేలమంది పాడే ఆ ఒక్క పంక్తిని ఈ గరాజ్‌లో టీచర్‌గారు పాడేవారు. నలుగురూ వాయించడం ఆపి నా వైపు చూశారు. ఇన్నేళ్ళ శిష్యురాలిని, నాకు వచ్చే ఉంటుందనుకున్నారు. స్వాతి కూడా చూసింది.

నాకు రాదు. తల వంచుకున్నాను. ఆ పంక్తి ఖాళీగా వెళ్ళిపోయింది, వాళ్ళు తరువాతి చరణం అందుకున్నారు. దాని అర్థమేమిటని తర్వాత అడిగితే మిచికోగారు చెప్పారు: "నేనింకా ఇక్కడే ఉన్నాను."

టీచర్‌గారూ, మీ పాదాలకు నా నమస్కారం. ఆ పంక్తి నేర్చుకుంటున్నాను. రోజూ ఆఫీస్‌కి వెళుతూ కారులో పాడుతున్నాను. నోరు తిరగడం లేదు, శ్రుతి కలవడం లేదు. తప్పు పాడుతున్నానని తెలుస్తూనే ఉంది. "మళ్ళీ" అనడానికి మీరు లేరు.