గుండు మీది గంధం

మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. కిడ్నీల గుండా ప్రోటీన్ పోతోందని, అందుకే ముఖం ఉబ్బుతోందని, స్టెరాయిడ్ మాత్రలు వాడాలని కోయంబత్తూరు డాక్టరు చెప్పాడు. వాపు తగ్గితే పళనిలో గుండు కొట్టించి దాని జుట్టు ఇస్తానని మొక్కుకున్నది తల్లి కాదు, తండ్రి కాదు, నేను. వాపు తగ్గింది. ఇక నాకు కాలు నిలవలేదు.

కినత్తుకడవులో వాళ్లింటికి వెళ్లి బయలుదేరమంటే చెల్లెలు గునిసింది.

"మాత్ర ఇంకా నిలపలేదన్నా. దాంతో జబ్బుల్ని తట్టుకునే తెంబు ఒంట్లో తక్కువైపోతాదంట. పుండు గిండు కాకుండ చూసుకోమని డాక్టరు చెప్పినాడు. కొన్నాళ్లు పోనీ."

"మొట్ట కొట్టిస్తే ఏమైపోతాది? సామి తగ్గించినాడు, సామే చూసుకుంటాడు. నాకు లీవు దొరికేదే కష్టం!" అని ఒంటికాలి మీద లేచాను. నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. చాలాకాలం దాన్ని మర్యాద అనుకున్నాను.

మా వైపు పిల్లలకు గుండు కొట్టించాలంటే తాయ్‌మామ, అంటే తల్లి అన్నో తమ్ముడో, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. పళనిలో పిల్ల గింజుకుంది. కదలకుండా తల గట్టిగా పట్టుకున్నాను. అయినా చెవి వెనక కత్తి గీరుకుని కాస్త నెత్తురు వచ్చింది. అందరూ చేతులు పెట్టే గిన్నెలోంచే గంధం తీసి ఆ గీత మీద కూడా మందంగా మెత్తేశాను. చలువ చేస్తుందని ఇంటికొచ్చాక రెండు రోజులూ మళ్లీ పూశాను.

ఆ గంధమే మోసం చేసిందని చాలాసార్లు అనబోయాను. గంధం ఏం చేసింది, పూసింది నేను కదా. చెవి వెనక ఎర్రబడి వాచినా పూత కింద ఎవరికీ కనబడలేదు. పిల్ల తినడం మానేసి సోలిపోతే తల మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలింది. "జొరం లేదు, బస్సు అలుపు అంతే" అని తేల్చేశాను.

తెల్లారేసరికి ఎగశ్వాస. అరిచేతులు మంచు ముక్కల్లా ఉన్నాయి. ఆసుపత్రిలో నర్సు గంధం కడిగితే చీము కనబడింది. బాక్టీరియా రక్తంలోకి చేరిందన్నారు. ఈ జబ్బున్న పిల్లలకు ఒంటిని కాపాడే ప్రోటీన్లు మూత్రంలో పోతాయని, మాత్రలు మిగిలిన శక్తినీ తగ్గించి ఒక్కోసారి జ్వరాన్ని కూడా దాచేస్తాయని, అలాంటి ఒంటికి చిన్న గాయం చాలని డాక్టరు వివరించాడు. బతుకుతుందా అని చెల్లెలే అడిగింది. ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు.

ఐసీయూ బయట చెల్లెలి ముందు నిలబడ్డాను. "నువ్వు ఒద్దంటివి. నేనే ఇనలేదు. తిట్టు నన్ను."

ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ల అత్తగారు నాకు కాఫీ తెచ్చిచ్చింది. "ఏల అట్ల మాట్లాడతావు నాయనా? తాయ్‌మామ ఒళ్లో జరిగినదానికి దోసమేముంటాది?"

కాఫీ పక్కన పెట్టేశాను. నాలుగు తిట్లు తిడితే పడేవాణ్ని. నా తప్పును తప్పు కాదంటుంటే ఎవరి ముందు ఏడవాలో తెలియలేదు. ఆ పెద్దామె మీద కూడా కోపం వచ్చింది, చూడండి నా బుద్ధి.

మందులు పని చేశాయి. పిల్ల కళ్లు తెరిచి ఇడ్లీ అడిగిందని చెల్లెలు వచ్చి చెబితే వరండాలోనే వెక్కివెక్కి ఏడ్చాను. వార్డుకు మార్చాక నన్ను లోపలికి పిలిచారు.

"చూడు కన్నా, మామ వచ్చినాడు" అంది చెల్లెలు.

పిల్ల నావైపు తిరిగింది. సూది గుచ్చిన చెయ్యి, ఖాళీ చెయ్యి రెండూ ఎత్తి తల గట్టిగా కప్పుకుంది.

అందరూ నవ్వారు. "ఇంక మొట్ట లేదులేమ్మా" అని బుజ్జగించారు. అది చేతులు దించాక దగ్గరికి వెళదామని గుమ్మంలోనే ఆగాను. చూడ్డానికి రానిచ్చే వేళ అయిపోయి నన్ను పొమ్మనేదాకా అది చేతులు దించలేదు.