హనోకు గ్రీకు, శారమ్మ పసుపు

కోటగిరిలో మా పక్కింటి హనోకును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజామాబాదులో ఒక ముసలి పాస్టరు దగ్గర గ్రీకు అక్షరాలు, గుప్పెడు మాటలు నేర్చుకొచ్చి మా చర్చిలో ఉపదేశి అయ్యాడు. ఆనాటి నుంచి మా యాస వాడికి కంపు కొట్టింది.

వాడికి అన్నిటికన్నా ఇష్టమైన మాట బార్బరోస్. గ్రీకు రానివాళ్ల మాటలు గ్రీకుల చెవికి బర్‌బర్‌మని వినిపించేవట, అందుకే వాళ్లకు ఆ పేరట. చెరుకు కోతకొచ్చిన మరాఠీ కూలీలను చూపించి, ఆ పేరుతో పిలిచి నవ్వేవాడు.

"గ్రీకులొస్తె మనల్నేమందురే, హనోకన్నా?" అని అడిగాను.

"సగం చదువు చదివి చెడిపోయావురా నువ్వు," అన్నాడు.

వాడి తల్లి శారమ్మ. రెండేళ్లు వరసగా ఆమె పసుపు మడిలోనే కుళ్లిపోయింది. పంతొమ్మిది వందల అరవై రెండులో పండింది. కోత పండుగనాడు తొలి పంట చర్చిలో ప్రభువు బల్ల ముందు పెట్టి, ఇంటి పెద్దావిడ సొంత మాటల్లో ప్రార్థన చేయడం మా ఆచారం. ఆ ఒక్క ప్రార్థన కోసమే ఆమె ఏడాదంతా ఎదురుచూసింది. పట్నం నుంచి పెద్ద పాస్టర్లు వస్తున్నారని హనోకు ఆమెచేత పుస్తకాల తెలుగులో ఒక ప్రార్థన బట్టీ పట్టించాడు.

పండుగనాడు శారమ్మ చాటలో పసుపు కొమ్ములతో వచ్చి నిలబడింది. "ఓ కృపాసంపన్నుడా" అని ఆగిపోయింది. కాసేపటికి ముఖం తేటపడింది.

"అయ్యా, రెండేండ్లు నా దిక్కు సూడకపోతివి. నీతోని అలిగిన. గిప్పుడు సూసినవ్..."

"అమ్మా!" హనోకు అడ్డం పడ్డాడు. "దేవునితో అలా మాట్లాడరు. మొదటినుంచి చెప్పు."

పాస్టర్లు చేతిరుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. శారమ్మ చాట మళ్లీ నెత్తికెత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది. దేవుడికి తెచ్చిన పంటను వెనక్కి తీసుకుపోవడం మా చర్చిలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మరుసటి ఆదివారం హనోకు ఎక్లేసియా గురించి బోధించాడు. చర్చికి గ్రీకు పేరు అదేనట. మొదట్లో ఆ మాటకు, ఊరి పౌరులంతా లేచి మాట్లాడుకునే సభ అని అర్థమట.

శారమ్మ ఆ తర్వాత చర్చిలో నోరు విప్పలేదు. కొన్నేళ్లకు మంచం పట్టింది. చివరి రోజుల్లో హనోకు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, తల్లిని చిన్నప్పటిలా మా యాసలో అవ్వా అని పిలిచాడు.

"అవ్వా, నా కోసం ఒక్కసారి ప్రార్థన జెయ్యవే."

"నాకు రాదు బిడ్డా. సదువుకున్నోనివి, నువ్వే జెయ్యి."

వాడు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ఓ కృపాసంపన్నుడా" అని మొదలుపెట్టాడు. ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది.