జినదాస మాస్టారూ, కిటికీలో తల్లులూ

జినదాస మాస్టారికి కోపం వస్తే తిట్టరు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. మా ముందుగదిలో ఐదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్షకి పాఠం చెప్పిన ఏడాదంతా ఆ అద్దాలు తళతళలాడుతూనే ఉన్నాయి.

కారణం మేమే. మా కురునెగల వైపు ఆ పరీక్ష రాసేది పిల్లలు, చదివేది తల్లులు. పిల్లలు లోపల చాపల మీద, తల్లులు కిటికీ బయట బల్ల మీద. నాకు చదివించాల్సిన పిల్లలెవరూ లేరు. అయినా ఇల్లు నాది, కిటికీ నాది, కాబట్టి బల్ల మీద నడిమి చోటు కూడా నాదే.

అందరిలోకీ చురుకైనది ఇమేషా. దాని తల్లి రమ్యలత కొబ్బరి పీచు మిల్లులో పని చేస్తుంది. మా బడి ఐదుతో ఆగిపోతుంది. పరీక్ష నెగ్గితే పట్నంలో పెద్ద బడి, లేకపోతే పొరుగూళ్ళో సగం రోజులు టీచరే రాని బడి. చిక్కంతా చిన్న కథ ఇచ్చి ప్రశ్నలడిగే దగ్గరే వచ్చింది.

కుసుమా బావికి వెళ్ళింది, తాడు తెగింది, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చింది? బావి దగ్గర ఆడపడుచు ఉంది కాబట్టి అని రాసింది ఇమేషా. మా వీధిలోనూ ఒక కుసుమా ఉంది, ఆడపడుచు కనబడితే వెనక్కి తిరిగే మనిషి.

"ఆడపడుచు కథలో ఏ వరుసలో ఉందమ్మా?" అన్నారు మాస్టారు.

"వరుసలో లేదు సర్. వాళ్ళింట్లోనే ఉంది."

మాస్టారు అద్దాలు తుడుచుకుని, పేరు సోమావతి అని మార్చారు. ఏ సోమావతి అని పిల్లలు అడిగారు. బేకరీ వాడి పెళ్ళామే అయ్యుంటుందనీ, కానీ ఆమెకి కుళాయి ఉందనీ నేను కిటికీలోంచి చెప్పాను. తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. అద్దాలు మళ్ళీ దిగాయి.

ఆ రోజు నుంచి ఆయన కొత్త కట్టుబాటు పెట్టారు. జవాబు రాసే ముందు అది ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించాలి. వేలు ఆనకపోతే రాయకూడదు. పిల్లలు తొందరగానే దారికొచ్చారు. రమ్యలతకే మనసొప్పలేదు.

"కాగితం మీద ఉన్నదే రాస్తే మా పిల్లకి బుర్ర లేదనుకోరూ, సర్?"

"అనుకోనీ చెల్లీ. దిద్దేవాడికి మన వీధి తెలీదు."

పరీక్ష రోజున జ్యోతిష్యుడు చెప్పిన ఘడియకి ఇమేషా గడప దాటింది. తమలపాకుల కట్ట ఇచ్చి మాస్టారి కాళ్ళకి మొక్కింది. భిక్షువులు మంత్రించిన పిరిత్ దారం దాని చేతికి రక్షగా నేనే కట్టాను.

పరీక్ష వదిలాక గేటు దగ్గర తల్లులు పిల్లల్ని చుట్టుముట్టారు. కథలో తాత బస్సెక్కకుండా ఎందుకు నడిచాడు అని అడిగారట. ఒకడు కండక్టరుతో తగాదా అన్నాడు. ఇంకొకతె నిండు చూలాలికి చోటిచ్చాడంది, తల్లులందరూ దాని బుగ్గ నిమిరారు. ఇమేషా మాత్రం బస్సు ఆగలేదని రాసిందట.

దారి పొడుగునా రమ్యలత ఏడుస్తూనే ఉంది. "ఇంకో రెండు ముక్కలు కలిపితే నీ సొమ్మేం పోయింది?"

"మూడో వరుసలో అంతే ఉందమ్మా."

ఫలితాలొచ్చాయి. ఇమేషాకి పట్నం బడిలో సీటు వచ్చింది. రమ్యలత పాలన్నం వండి వీధంతా పంచింది. జ్యోతిష్యుడు తన ఘడియ అన్నాడు, దాని మేనత్త బోధి పూజ అంది, నేను దారం అన్నాను. మాస్టారు అందరికీ తలూపుతూ రెండోసారి పెట్టించుకుని తింటున్నారు.

ఉండబట్టలేక అడిగాను, మీ వంతు ఏమీ లేదా అని.

"దారమే అక్కా. వచ్చే ఏడు పాఠం జరిగేటప్పుడే పేనుతూ కూర్చోండి, పెరట్లో."