పడుగులో చుట్టిన విమానాలు

విమానాలు ఒకటీ అరా కూలిపోతాయని మీరు పేపర్లో చదివే ఉంటారు. తిరుత్తణిలో ఒక్క మధ్యాహ్నంలో పద్దెనిమిదేళ్ల విమానాలను కూల్చిన మహాతల్లిని నేను. బాంబులేమీ వాడలేదు. చంకలో జ్వరంతో ఏడ్చే బిడ్డ, బుర్రలో బి.ఏ. చదువు, అంతే.

మగ్గానికి పడుగు చుట్టేటప్పుడు పోగులు ఒకదానిలో ఒకటి దిగకుండా పొరకూ పొరకూ మధ్య కాగితం పెడతాం. ఆ రోజు కాగితం చాలలేదు. మామగారి మంచం కింద పాత పుస్తకాల కట్ట కనిపించింది. నాకు రాని భాష. నాకు రాదంటే చిత్తుకాగితమే కదా! పైనుంచి ఒక్కొక్కటే చించి మా ఆయనకు అందించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో మామగారి పుస్తకాలు కూడా పోయాయి.

సాయంత్రం మామగారు తిరువళ్లూరు డాక్టరు దగ్గర నుంచి వచ్చారు. గుండె ఇంకో నెల లాగితే గొప్ప అన్నాడట.

"అమ్మాయ్, నా ఏరోప్లేన్ బుక్కులు యాడ?"

"ఏ బుక్కులు మామా?" అన్నాను, మగ్గం వైపు చూడకుండా.

"పడుగులో చుట్టేసినాం నాయనా. తెంచి తీసేదా?" అన్నాడు మా ఆయన.

"పడుగు తెంచేదాంట్రా! నేసుకుంటా పో. ఒకటొకటే వస్తాయి. మొదటిది చూసి పోతా."

కట్టలో పైన ఉన్నది మొదటిదే; ముందుగా చుట్టాం కాబట్టి ఇప్పుడు పడుగులో అన్నిటికంటే అడుగున ఉంది.

మామగారు వయసులో పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి ఇంజనీరు దగ్గర పనిచేసి ఆ భాష నేర్చారు. దొర తన దేశం వెళ్లాక ఆ విమానాల పత్రికను పద్దెనిమిదేళ్ల పాటు నెలనెలా పంపాడు. ఇప్పుడు నేత సాగేకొద్దీ ఒక్కో కాగితం ఊడిపడుతుంటే, దాని చరిత్ర మాకు తలకిందులుగా తెలిసింది. ముందు రంగులు పోయాయి. జెట్లు పోయి పంకాల విమానాలు వచ్చాయి. చివరికి కాగితమే ఉల్లిపొర అయింది.

"దొర దేశంలో యుద్ధం అయిపోయిన కొత్త," అన్నారు మామగారు ఆయాసపడుతూ. "తినేదానికే లేదు, కాయితం యాడొస్తాది? ఫ్యాక్టరీలన్నీ బాంబులకు బూడిదైపోయినాయి. అయినా బుక్కేసినారు చూడు, పిచ్చోళ్లు!"

"ఎందుకేసినారు మామా?"

"మొదటిదాంట్లో రాసినారమ్మా. రానీ, సదివి చెప్తా."

నేను మా ఆయన వెంట పడ్డాను. "కొంచెం బిరీన నెయ్యండి!"

"ఇది మగ్గమే, ఏరోప్లేను కాదు!"

ఇంకా రెండు చీరల నేత ఉండగా మామగారు పోయారు. కర్మ అయ్యేదాకా మగ్గం ముట్టలేదు. ఆ తర్వాత మొదటి సంచిక, ఒకే ఒక్క మడత కాగితం, ఊడి నా ఒళ్లో పడింది. మడత కూడా నలగలేదు.

కాబట్టి, నవ్వుతున్న మీ అందరి ముందూ మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను: నాకు రాని భాషలో కాగితం కనబడితే, ఇంట్లో తెలిసినవారిని అడగనిదే ముట్టను.

ఆ సంచిక నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ పిచ్చోళ్లు పత్రిక ఎందుకు మొదలుపెట్టారో అందులోనే ఉంది. అడగడానికే ఇంట్లో ఎవరూ లేరు.