కషాయమని చెప్పి వండిన పెద్దకూర

ఆ రోజుల్లో నాకు అబద్ధం ఆడటం రాదని గట్టి నమ్మకం ఉండేది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికి, కిరాయికి గది వెతుక్కుంటున్నప్పుడు ఆ నమ్మకం మొదటిసారి బీటలు వారింది. మేడమీది గది చూపించిన ఓనరమ్మ నన్ను అడిగింది ఒక్కటే. "నీసు తింటవా బిడ్డా?" "తినను" అన్నాను. (అంతకుముందు మూడు ఇళ్లు నిజం చెప్పి పోగొట్టుకున్నాను. నాలుగో ఇంటి దగ్గర నాలుక తనంతట తానే తెలివి తెచ్చుకుంది.) ఏడాది పాటు పప్పుచారుతో ఆ అబద్ధాన్ని నిలబెట్టుకుంటూ వచ్చాను. ఆదివారం ఊరికి పోయినప్పుడు మాత్రం మా వాడలో తినేది తిని, బస్సెక్కే ముందు సోంపు నములుకుంటూ వచ్చేదాన్ని.

అప్పుడే మా బాపుకు టీబీ అని తేలింది. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. కేతేపల్లి పక్క మా ఊళ్లో చూసేవాళ్లు లేక, దవాఖాన దగ్గరవుతుందని నా గదికే తెచ్చుకున్నాను. చొక్కా ఆయన ఒంటి మీద ఉందో కొక్కేనికి ఉందో తెలియనంతగా చిక్కిపోయాడు. రోగం పేరు వినగానే ఓనరమ్మ మమ్మల్ని వెళ్లగొడుతుందని భయపడ్డాను. ఆమె మాత్రం రోజూ మెట్లెక్కి జొన్న గట్క తెచ్చిచ్చేది. "తినాలె తమ్మీ. నువ్వు తినకుంటే గా గోళీలే నిన్ను తింటయ్" అని కోప్పడేది. బాపు ఆమె ముందు రెండు చెంచాలు మింగి, ఆమె దిగిపోగానే గిన్నె పక్కకు జరిపేవాడు. డాక్టరు మాంసం, గుడ్లు ఏది సహిస్తే అది పెట్టమన్నాడు. గుడ్డు వాసనకే బాపుకు వాంతి వచ్చేది. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకునే అన్నాడు: "మీ అమ్మ ఆలుగడ్డలేసి పెద్దకూర వండుతుండె. గదైతే రెండు ముద్దలు దిగుతయేమో." పెద్దకూరంటే మా వాడలో గొడ్డుమాంసం. వెంటనే తానే, "ఒద్దులే బిడ్డా, గీ ఇంట్ల వద్దు" అన్నాడు. రోగమొచ్చిన రెండు నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

చిక్కల్లా ఏమిటంటే, బాపుకు మిగిలినవి అయిదు పండ్లు. పైన రెండు, కింద మూడు, అవీ ఎదురెదురుగా లేవు. ఆ పండ్లకు తగ్గట్టు పెద్దకూర ఉడకాలంటే కుక్కరు పది విజిళ్లు వేయాలి. కింద ఓనరమ్మ విజిళ్లు లెక్కపెట్టే మనిషి. (పప్పుకు నాలుగోది వస్తే "గ్యాసు ఊకె వస్తదా పిల్లా?" అని కిందినుంచే కేకేసేది.) ఈ గోడు మా ఆఫీసులో దుబాయి అక్కకు చెప్పుకున్నాను. భర్త దుబాయిలో ఉంటాడు కాబట్టి ఆమెకా పేరు. ఆయన తెచ్చిన కరెంటు కుండ ఒకటి, స్లో కుక్కరట, అట్టపెట్టె కూడా విప్పకుండా నా చేతిలో పెట్టింది. "పొద్దుగాల అన్నీ ఏసి మర్చిపో. విజిలు రాదు, చప్పుడు రాదు. మూత మాత్రం తియ్యకు" అంది.

వాసన రాదని ఆమె చెప్పలేదు. అది నాకు ఆదివారం పదకొండు గంటలకు తెలిసింది. సంచిలో సొరకాయ కింద దాచి తెచ్చిన కూరను, అల్లం, వెల్లుల్లి, ఉప్పు, కారం, ఆలుగడ్డలతో కలిపి పొద్దున్నే కుండలో వేశాను. వేయిస్తే గుమగుమలు కిందికి పోతాయని నూనె చుక్క కూడా వేయలేదు. అయినా సన్నగా, తీరిగ్గా వాసన మొదలైంది. అగరుబత్తులు ఆరు ముట్టించాను. పది నిమిషాలకోసారి మూత తీసి చూశాను. మెట్ల మీదికి వచ్చి "ఏంది పిల్లా గా వాసన?" అని ఓనరమ్మ అడిగితే, "బాపుకు కషాయం అమ్మా, సాయంత్రం దాక కాగాలె" అన్నాను. అంత చక్కని అబద్ధం ఎలా వచ్చిందో అని నాలో నేనే మురిసిపోయాను.

నాలుగింటికి ఆమె స్టీలు గ్లాసు పట్టుకొని పైకొచ్చింది. "మోకాళ్లు గుంజుతున్నయ్ పిల్లా. నీ కషాయం జర నాకూ పొయ్యి."

"అది మగవాళ్ల మందమ్మా."

"మోకాళ్లకు ఆడ, మగ ఉంటదా?" అంటూ ఆమె చెయ్యి మూత మీదికి పోయింది. మంచం మీది నుంచి బాపు లేచాడు. రెండు నెలలుగా నా భుజం పట్టుకోకుండా లేవని మనిషి, ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"అక్కా, ముట్టకు. అది పెద్దకూర."

ఆమె చెయ్యి అక్కడే ఆగింది. నా వైపు తిరిగింది. "తినేది మీ ఇష్టం. నాకు కషాయమని చెప్తివి గద. నేనే ముంచుకొని తాగి ఉంటే?" గ్లాసు వెనక్కి తీసుకుంది. "రేపు ఖాళీ చెయ్యండి" అని మెల్లగా, ఒక్కో మెట్టూ దిగిపోయింది.

ఏడ్చుకుంటూనే గిన్నెలో వడ్డించాను. కూర దూదిలా ఉంది. పదే పదే మూత తీసినందుకేమో, ఆలుగడ్డలు మాత్రం రాళ్లలా ఉన్నాయి. బాపు ఒక ముక్కను ఆ అయిదు పండ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, "గీ గడ్డ ఇంకా భూమిలనే ఉన్నదనుకుంటాంది బిడ్డా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆయనకు దగ్గయింది, దగ్గుతో తువ్వాల మీద ఎర్రటి మరక పడింది. అయినా గిన్నె వదల్లేదు. ఆరు ముద్దలు తిన్నాడు, నేను లెక్కపెట్టాను. చేయి కడుక్కుంటూ, "రుచి లేదు గని మెత్తగున్నది" అని, తువ్వాల మడిచి, "ఆమె తాగి ఉంటే మాత్రం నాకు ఒక్క ముద్ద దిగకపోవు" అన్నాడు. ఆయన నన్ను తిట్టిన తిట్టు అంతే.

మర్నాడు ఆటోలో సామాను ఎక్కిస్తుంటే ఓనరమ్మ తలుపు తీయలేదు. ఆటో కదలబోతుండగా కిటికీలోంచి గొంతు వినిపించింది: "పొద్దటి గోళీలు ఏసుకున్నడా మీ నాయిన?" వేసుకున్నాడని చెప్పాను. కిటికీ మూసుకుంది. బాపు ఆ చలికాలం దాటలేదు. గోళీలు ఒక్కరోజూ తప్పలేదు, మనిషే తప్పిపోయాడు.

ఇప్పుడు చిట్యాలలో నాకు సొంత ఇల్లుంది. ఆదివారాలు కుక్కరు ఎన్ని విజిళ్లు వేసినా లెక్కపెట్టే వాళ్లు లేరు. అయినా తలుపు చప్పుడైతే నా చెయ్యి ముందు వంటింటి కిటికీ మీదికి పోతుంది. మొన్న అలాగే మూయబోయి, నా మీద నాకే కోపమొచ్చి, రెక్కలు రెండూ బార్లా తెరిచి, విసురుగా వెళ్లి తలుపు తీసి, "పెద్దకూర!" అన్నాను. పక్కింటామె బిందె పట్టుకొని నిలబడి ఉంది. పాపం, ఆమె అడగడానికి వచ్చింది మా ఇంట్లో నల్లా వస్తుందా అని.