ఆర్డిస్ బ్రెక్కె నిలబడ్డ మూల

అయోవాలో నార్‌స్టాడ్, వోల్నీ అనే రెండు చిన్న ఊళ్లకు సరిగ్గా సగం దూరంలో, మొక్కజొన్న చేల నడుమ ఒక బడి ఉంది. దాని పక్కన ఇల్లు లేదు, కొట్టు లేదు, కాలిబాట కూడా లేదు. ఏ ఊరి పిల్లలూ అక్కడికి నడిచి వెళ్లలేరు. అంచేత ఎవరికీ అన్యాయం జరగలేదని ఆర్డిస్ బ్రెక్కె అభిప్రాయం. దాన్ని అక్కడ కట్టించింది ఆమే.

ఆర్డిస్ నార్‌స్టాడ్ పిల్ల. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లందరికీ ఒకటే మంచం. గోడ వైపు ఎవరు పడుకోవాలో, కిటికీ వైపు ఎవరు పడుకోవాలో రోజూ తగవే. ఆ తగవు తీర్చే పని ఆర్డిస్ మీద పడింది. తీర్చేది. తను మాత్రం మధ్యలో, ఇరుక్కుని పడుకునేది. పెద్దయ్యాక పందుల్ని పెంచే వర్జిల్ బ్రెక్కెను పెళ్లి చేసుకుంది. అతను తక్కువ మాట్లాడతాడు కాబట్టి ఇంట్లో తీర్చాల్సిన తగవులేవీ లేకపోయాయి. ఆమె బడి పాలకమండలికి అధ్యక్షురాలైంది.

అప్పటికే రెండు ఊళ్లలోనూ పిల్లలు తగ్గిపోయారు. రెండు బళ్లనూ కలపక తప్పలేదు. వోల్నీ బడి రంగు ఎరుపు, నార్‌స్టాడ్‌ది నీలం. రంగు దగ్గర సభ మూడుసార్లు ఆగిపోయింది. చివరికి ఆర్డిస్ రెండూ కలిపితే వచ్చే ఊదా రంగు పెట్టుకుందామంది. తీర్మానం నెగ్గింది. రెండు ఊళ్లూ సమానంగా ఏడ్చాయి, ఆమె లెక్కలో అది న్యాయమే. తర్వాత జిల్లా పాలకసభకు పోటీ చేసింది. నార్‌స్టాడ్‌లోనూ ఓడిపోయింది, వోల్నీలోనూ ఓడిపోయింది, తేడా కూడా రెండుచోట్లా ఒకటే. వర్జిల్ ఆ వార్త విని, "కనీసం సమంగా పంచారు," అన్నాడు.

ఆ ఓటమి తర్వాత ఆమె ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. దేశాధ్యక్ష ఎన్నిక ముందరి శరత్తులో మాత్రం సెనేటర్ ఎల్డన్ ప్రూయిట్ ఆమె వంటింటికి వచ్చాడు.

అధ్యక్షుడు కావాలనుకునే ప్రతివాడూ ముందు అయోవా వంటిళ్లలో కాఫీ తాగాలి. ప్రూయిట్ సెనేట్‌లో మెజారిటీ పక్షం నాయకుడు. వాషింగ్టన్‌లో అతను కదలనిదే బిల్లు కదలదని చెప్పుకునేవాళ్లు. ఆర్డిస్ వంటింట్లో ఒక రైతు, పోయినసారి వ్యవసాయ బిల్లుకు మీరు అనుకూలంగా ఓటేశారా, వ్యతిరేకంగా వేశారా అని అడిగాడు. రెండు రకాలుగానూ వేశానని ప్రూయిట్ ఒప్పుకున్నాడు. ఎందుకు వేయాల్సి వచ్చిందో, దక్షిణాది పత్తి రైతులు ఏమడిగారో, వాళ్లకిచ్చి వీళ్లకేం తెచ్చాడో అన్నీ చెప్పాడు. అందరి కాఫీలూ చల్లారిపోయాయి. అంతకు ముందు వారం అదే పోటీలో ఉన్న ఒక పరరాష్ట్ర గవర్నర్ వచ్చి, మీ నేల మీ సొంతం అని చెప్పి వెళ్లాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేల వాళ్లదేనని వాళ్లకు ముందే తెలుసు.

ప్రూయిట్ వెళ్లాక ఆర్డిస్ అతని కప్పు కడుగుతూ, ఆ చుట్టుపక్కల అతని తరఫు పని తను చూస్తానని వర్జిల్‌తో చెప్పింది.

"ఓడిపోతాడు," అన్నాడు వర్జిల్.

"తెలుసు. మా మూల మిగిలితే చాలు."

మూల అంటే మూలే. ఆ ప్రాంతంలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రోజున చీటీ మడిచి పెట్టెలో వేయరు. ఫిబ్రవరి చలిలో పొరుగువాళ్లంతా ఒకచోట చేరి, ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలలో వాళ్లు అందరూ చూస్తుండగా నిలబడతారు. దీన్ని కాకస్ అంటారు. వచ్చినవాళ్లలో ఆరోవంతు మంది లేని మూల రద్దయిపోతుంది, అందులోవాళ్లు వేరే మూలకు పోవాలి. పంది మాంసం కొనేవాడు, పళ్లు పీకేవాడు, పాస్టరు, అందరూ చూస్తుండగా ఒంటరిగా నిలబడి, ఆ మూల కూడా పోగొట్టుకోవడం ఆర్డిస్‌కు ఒకసారి అనుభవమే. ఓట్లలో ఓడినప్పుడు కనీసం ఇంట్లో కూర్చుని ఓడింది.

కాకస్ బడి భోజనాల గదిలో జరిగింది. గోడలు ఊదా. యాభైనాలుగు మంది వచ్చారు. మూల నిలవాలంటే తొమ్మిదిమంది కావాలి. ఆర్డిస్ పుల్లటి రబర్బ్ కాడలు వేసి బార్లనే తీపి ముక్కలు చేసి, తన మూలలో గదిని వేడిచేసే రేడియేటర్ పక్క బల్ల మీద పెట్టింది. జనం వచ్చి బార్లు తీసుకున్నారు, బాగున్నాయన్నారు, గవర్నర్ మూలకు వెళ్లిపోయారు. ఆమె దగ్గర వర్జిల్‌తో కలిపి ఏడుగురు మిగిలారు.

అయితే మరో మూల కూడా నిలవలేదు. ఒక మాజీ మేయర్ కోసం అయిదుగురు నిలబడ్డారు, వాళ్లిప్పుడు ఎటో ఒకవైపు పోవాలి. ముగ్గురు గవర్నర్ దగ్గరికి నడిచారు. మిగిలింది డేల్ వోండ్రాక్, అతని భార్య మార్లిస్.

డేల్ వోల్నీ బడిలో చరిత్ర చెప్పి, బాస్కెట్‌బాల్ నేర్పినవాడు. అతని జట్టు ఒక ఏడాది రాష్ట్ర పోటీలదాకా వెళ్లింది. వోల్నీ గెలిచిన కప్పులన్నీ బళ్లు కలిసినప్పటినుంచీ బాయిలర్ గదిలో ఉన్నాయి. డేల్ ఆర్డిస్‌తో వాతావరణం గురించి తప్ప మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఆర్డిస్ అతని దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ బేరంతో మొదలుపెట్టింది. ముందు హాల్లో అద్దాల బీరువా పెట్టించి కప్పులు అందులో ఉంచుదామంది.

"ఇన్నేళ్లూ ఎందుకు పెట్టలేదు?" అన్నాడు డేల్.

"మీవి పెడితే నార్‌స్టాడ్‌వీ పెట్టాలి. వాళ్లకి రెండే ఉన్నాయి. చిన్నబోతారు."

"చూశావా, అదీ నీ వరస. నీ సెనేటరూ అంతే. నా గోడు చెప్పుకుంటే ఇంకొకడి గోడు వినిపిస్తాడు. చరిత్ర మొత్తం వెతుకు, ప్రతినిధుల సభ స్పీకర్లలో అధ్యక్షుడైనవాడు ఒకే ఒక్కడు. వాడి పేరు పరీక్షలో అడిగితే క్లాసులో ఒక్కడూ రాసేవాడు కాదు. సెనేట్ నాయకుడి కుర్చీలోంచి నేరుగా వైట్‌హౌస్‌కి పోయినవాడు అసలు లేడు. ఎందుకో తెలుసా?"

"చెప్పు."

"ఇరవై ఏళ్లు అందరికీ సర్దిపెట్టినవాడి మీద అందరికీ ఒక కోపం ఉంటుంది. నీకు నేను చెప్పాలా?"

ఆర్డిస్ చెప్పక్కర్లేదంది. కాకస్ నడిపే సభాపతి టైమవుతోందని గుర్తుచేశాడు. డేల్ గోడ వైపు చూశాడు.

"ఒకటడుగుతాను, తిన్నగా చెప్పు. ఈ ఊదా రంగు నీకు నచ్చిందా?"

దీనికి ఆర్డిస్ దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండే జవాబు ఒకటుంది. రెండు ఊళ్ల మనోభావాలనీ దృష్టిలో పెట్టుకుని అంటూ మొదలవుతుంది. పాలకమండలిలో, చర్చిలో, కిరాణాకొట్లో చాలాసార్లు చెప్పింది. ఈసారి నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు.

"లేదు," అంది. "వాంతి రంగు. నాకు నీలమే కావాలనిపించింది."

డేల్ ఆమె వైపు తిరిగాడు.

"ఆ మాట ఆ రోజే అనుంటే నీతో హాయిగా పోట్లాడేవాణ్ణి కదా ఆర్డిస్. ఓడినా ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ణి. నువ్వు పోట్లాడ్డానికి మనిషే లేకుండా చేశావు."

"నీకు ఎరుపు ఇస్తే మా వాళ్లు నన్ను ఊళ్లోకి రానిచ్చేవాళ్లు కాదు."

"రానివ్వకపోతే వోల్నీ రావాల్సింది. సరే, ఈ ప్రూయిట్ నీకెందుకు? బేరం వద్దు. నీకెందుకో చెప్పు."

"నాకు అతనంటే ఇష్టం," అంది ఆర్డిస్. ఆ మాట వినడానికి ఆమెకే కొత్తగా ఉంది. "వంటింట్లో నిజం చెప్పాడు. చప్పట్లు రావని తెలిసి కూడా చెప్పాడు. అతని మూల నిలవాలని నాకుంది."

డేల్ భార్య కోసం వెనక్కి తిరిగాడు. మార్లిస్ ఈ సంభాషణ ఏదీ వినకుండా అప్పటికే ప్రూయిట్ మూలకు వెళ్లి నిలబడింది. రేడియేటర్ అక్కడుంది, బార్లూ అక్కడే ఉన్నాయి. డేల్ కూడా వెళ్లాడు. సభాపతి తొమ్మిదిమందిని లెక్కపెట్టి, మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, సెనేటర్ ప్రూయిట్‌కు పార్టీ జిల్లా సభలో ఒక ప్రతినిధి అని ప్రకటించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వర్జిల్ ఇంకో బార్ తీసుకున్నాడు.

ఆ ప్రతినిధిగా ఆర్డిస్‌ను ఎంచుకున్నారు. ప్రతి ప్రతినిధికీ, రాలేకపోతే బదులు వెళ్లడానికి, ఒకరుండాలి. డేల్ చెయ్యెత్తాడు.

ప్రూయిట్ రాష్ట్రంలో అయిదో స్థానంలో వచ్చాడు. ఆ వారంలోనే తప్పుకుంటూ, తనను ఓడించినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ఉపన్యాసం పొడుగైంది. టీవీ వాళ్లు సగంలో ఆపేసి వాతావరణం చూపించారు.

మార్చిలో జిల్లా సభ. అభ్యర్థి లేకపోయినా ప్రతినిధి వెళ్లాలి, ఆర్డిస్ బయల్దేరింది. ప్రతినిధి వెళ్తుంటే బదులువాడికి పనేమీ లేదు. డేల్ మాత్రం తన ట్రక్ తెచ్చి వాకిట్లో హారన్ కొట్టాడు. సభలో ప్రూయిట్ పేరు రాసిన అట్ట కింద ఇద్దరే కూర్చున్నారు. మిగతా గుంపులవాళ్లు వచ్చి, ఇక మా వైపు రండి అని పిలిచి వెళ్లారు. ఎటు వెళ్దామని ఆర్డిస్ అడిగింది.

"ముందు నువ్వు చెప్పు," అన్నాడు డేల్. "సర్దిచెప్పకు."

గవర్నర్ తనకు బొత్తిగా నచ్చలేదంది. డేల్‌కు నచ్చాడట. ఓటు ఆమెది కాబట్టి ఆమె ఇష్టమే చెల్లింది, గవర్నర్ మీద పోటీ చేస్తున్నవాడికి పడింది. డేల్ వెనక కుర్చీలో కూర్చుని అది తప్పని సభ ముగిసేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి వర్జిల్ బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎలా జరిగిందన్నాడు.

"ఓడిపోయాం," అంది ఆర్డిస్, కోటు విప్పుతూ.

"డేల్?"

"దారంతా పోట్లాట. ఎరుపట. బడికి ఎరుపెవరైనా వేస్తారా?"

ఆమె అతని జవాబు కోసం ఆగకుండా ఫోన్ దగ్గరికి వెళ్లింది. దారిలో డేల్‌కు చెప్పడం మర్చిపోయిన పాయింటు ఒకటి ఉండిపోయింది.